ఊపిరికి కూడా క్లాసేనా, బిడ్డా!

దీపావళి అంటే ఇల్లు దులుపుడు, సున్నమేసుడు, నోము సామాను తెచ్చుకునుడు, బీరువా కింద పోయిన చిల్లర పైసలు దొరికిచ్చుకునుడు. ఇన్నేండ్లు ఇంతే అనుకున్న. ఇప్పుడు కొత్తగ ఇంకో పని చేరింది: ఊపిరి పీల్చుడు. మా కాలనీ హాలు గేటుకు కాయితం అంటిచ్చిన్రు. పండుగకు ముందు మూడు రోజులు, పొద్దున ఆరున్నరకు, ఎవరి చాప వాళ్లు పట్టుకొని రావాల్నట. కండ్లు మూసుకొని ఊపిరి ఎట్ల తీసుకోవాల్నో, ఎట్ల విడవాల్నో నేర్పిస్తరట. కింద చిన్న అక్షరాలల్ల 'పండుగ ఒత్తిడి నుంచి విముక్తి' అని రాసిన్రు. పండుగకు ఒత్తిడేందయ్యా? పండుగొస్తుందంటేనే కద ఒత్తిడి పోయేది! డెబ్బై దాటినయి నాకు. పుట్టినకాడికెల్లి పీలుస్తనే ఉన్న. ఏ సారూ నేర్పలే, ఒక్కరోజు నాగా పెట్టలే.

మా మనుమరాలు గచ్చిబౌలిల ఏదో కంపెనీల చేస్తది. ఆ కాయితం చూసి మురిసిపోయింది. "తాతా, నువ్వు తప్పకుండ రావాలె, నీ బీపీకి మంచిది" అన్నది. దాని చేతికి నల్లటి గడియారం ఒకటుంటది. టైమ్ చెప్పుడు తక్కువ, పెత్తనం ఎక్కువ. ఎన్ని అడుగులు నడిచినవ్, ఎంతసేపు పన్నవ్, అన్నీ లెక్క. నడుమ నడుమ మణికట్టు మీద చిన్నగ తట్టి, ఇగ ఊపిరి తీసుకో అని యాది చేస్తది. ఒకనాడు అన్నం తినేటప్పుడు తట్టింది. పిల్ల ముద్ద చేతిల పట్టుకొని కండ్లు మూసుకున్నది. పప్పు చల్లారిపోయింది. మా ఇంటామె 'అయ్యో, పిల్లకు దిష్టి తగిలినట్టున్నది' అని ఉప్పు డబ్బా కోసం లేచింది. మా కాలంల మమ్ముల తట్టి లేపేది ఒక్క ఫ్యాక్టరీ సైరనే. ఫస్ట్ షిఫ్ట్ ఆరింటికి, సెకండ్ రెండింటికి, నైట్ పదింటికి. నడుమల ఊపిరి మా ఇష్టం.

మీకేం తెలుసు బిడ్డా, నరక చతుర్దశి పొద్దుగాల అంటే! మాది మంజీర ఒడ్డు ఊరు. కరెంటు లేదు. అమాస ముందటి చీకటి, అప్పుడప్పుడే మొదలైన చలి. కోడి కూయకముందే అమ్మ దుప్పటి గుంజేది. పీట మీద కూసోబెట్టి, గోరువెచ్చని నువ్వుల నూనె నడినెత్తిన పోసి, అరచేత్తోని దబదబ కొట్టేది. ఆడికెల్లి మెడ, భుజాలు, వెన్ను, మోకాళ్లు, అరికాళ్లు, ఆఖరికి కాలి వేళ్ల సందులు కూడా. ఒక్క జాగ వదిలేది కాదు. మీదికెల్లి సున్నిపిండి నలుగు. మొన్న మనుమరాలు ఫోన్ల ఎవరో ఆడమనిషి గొంతు పెట్టింది. తేనెల ముంచినట్టున్నది ఆ గొంతు. ఇప్పుడు మీ దృష్టిని కాలి వేళ్ల మీదికి తెచ్చుకోండి, ఇప్పుడు పాదాల మీదికి, ఇప్పుడు మోకాళ్ల మీదికి అని అంటున్నది. దాన్ని బాడీ స్కాన్ అంటరట. నాకు నవ్వాగలే. మా అమ్మ చేసింది అదే కద! కాకపోతే అమ్మ మీదికెల్లి కిందికి వచ్చేది, ఇంత తియ్యగ మాట్లాడకపోయేది. 'కదలకురా కోతీ' అని ఒక్క చరుపు చరిచేది. దృష్టి దానంతట అదే ఆ జాగకు వస్తుండె.

తానమయినంక కొత్త బట్టలకు పసుపు పెట్టి తొడిగి, ఇంట్ల మొగోళ్లందరిని వరుసగ పీటల మీద కూసోబెట్టేటోళ్లు. అక్కచెల్లెండ్లు బొట్టు పెట్టి, అక్షింతలేసి, హారతి పట్టేటోళ్లు. మన దిక్కు పండుగ మొదలయ్యేది ఈ హారతులతోనే, పటాకులతోని కాదు. పళ్లెం తిరుగుతున్నంతసేపు కదలొద్దు, మాట్లాడొద్దు, దీపం దిక్కే చూడాలె. తర్వాత పళ్లెంల పైసలేయాలె. కన్నార్పకుండ దీపాన్ని చూసుడును త్రాటకం అంటరని, హఠయోగ ప్రదీపికల చెప్పిన ఆరు క్రియలల్ల అదొకటని నాకు రిటైరయినంక తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే, కదిలితే నాయన చూస్తడు. ఇప్పుడు మా చెల్లె బిడ్డ దగ్గర డాలస్‌ల ఉంటది. వీడియోల హారతి పడ్తది, నేను ఫోన్‌పేల పైసలేస్త. నెట్ అందక నడుమల ఆ దీపం పళ్లెంతో సహా బిగుసుకపోతది. అట్ల బిగుసుకపోయిన దీపం ముందట నేను కదలకుండ కూసుంట. త్రాటకం అంటే మరి అదే అనుకోవాలె.

అసలు ముచ్చట దీపంతల కాడ ఉన్నది. మీరు ప్రమిదలంటరు, మేం దీపంతలంటం. కుమ్మరాయన గంపల పెట్టుకొని ఇంటింటికి తెచ్చిచ్చేది, జొన్నలో వడ్లో తీసుకపొయ్యేది. కొత్త దీపంతను రాత్రంతా నీళ్లల్ల నానబెట్టాలె. లేకుంటే పోసిన నూనె అదే తాగుతది. గంగాళంల వేస్తే బుడబుడమని బుడగలు లేస్తయి. ఆ బుడగలు ఆగిపోయిందాక పిల్లలం సుట్టూ కూసొని చూస్తుంటిమి. ఇప్పటి దీపంతలకు రంగులు, అద్దాలు, మెరుపులు. నీళ్లల్ల వేస్తే రంగు పోతది. నానబెట్టకపోతే నూనె ఓడి గోడంతా మరక. అందుకే మైనం పోసి అమ్ముతున్రు. దాంట్ల సెంటు కూడా కలుపుతరట, మల్లెపూల వాసన రావాల్నని. పండుగ పూట ఇంట్ల సబ్బుల దుకాణం వాసన.

ఇగ వత్తులు. నానమ్మ పత్తిల గింజలు ఏరి, వేళ్లకు ఇంత బూడిద అద్దుకొని, అరచేతుల నడుమ పత్తి పోగు పెట్టి ఒక్కటే వరుసన నలుపుతుండె. తొందరవడితే ఒకదిక్కు లావు, ఒకదిక్కు సన్నం అయితది. అసొంటి వత్తి చిటపటమంటది, పొగ కక్కుతది. నేను చేసిన వత్తులన్నీ అసొంటియే. పది రూపాయలకు ప్యాకెట్ దొరుకుతదిప్పుడు, అన్నీ ఒక్క తీరుగ, మిషన్‌ల చేసినయి. చిటపటమనవు, నిజమే. ఒప్పుకోబుద్ధి కాదు గాని నిజమే.

దీపాలు ముట్టిచ్చేటప్పుడు నానమ్మ ఒక మాట అనేది: దీపం మీద ఊపిరి పడొద్దు. దీపాన్ని నోటితో ఊదొద్దన్నది అందరికి తెలిసిందే. ఈమెది ఇంకో మెట్టు మీది ముచ్చట. ముట్టిచ్చేటోని ఊపిరి కూడా దీపానికి తగులొద్దు. వాకిట్ల, గోడ మీద, బావి గట్టు మీద, గడ్డివాము దూరంగ వదిలి, పశువుల కొట్టం ముందట, వరుసగ దీపంతలు. ఒక్క దీపంతోని అన్నిటిని ముట్టియ్యాలె. నోరు మూసుకొని, ముక్కుతోని సన్నగ, పక్కకు విడుచుకుంట పోవాలె. ఉరికొచ్చి రొప్పుకుంట వంగినవో, దీపం అటో ఇటో వంగుతది, వెనక నుంచి ఒక మొట్టికాయ పడ్తది. ముందు ఊపిరి సక్కజేసుకొని రాపో అనేది. నేను పోయి తులసికోట కాడ నిలబడి ఊపిరి సక్కజేసుకొని వచ్చేది. మీరు నమ్మకపోతే ఇప్పుడే చేసి చూడున్రి. మూరెడు దూరంల దీపం పెట్టుకొని ఎదురుంగ కూసోండ్రి. మనసుల ఏదన్న గుంజుతుంటే, కొట్లాడొచ్చినా, ఫోన్ల ఏదో చదివొచ్చినా, మంట నాలుక ఊగుతనే ఉంటది. ఐదు నిమిషాలు ముక్కుతోని మెల్లగ తీసుకొని, తీసుకున్నదానికన్న ఎక్కువసేపు మెల్లగ విడుచుకుంట కూసుంటే అదే నిటారుగ నిలబడ్తది. గడియారం అవసరమే లేదు. ఫ్యాన్ మాత్రం బంద్ చెయ్యాలె. నేను ఫ్యాన్ కింద కూసొని అరగంట మనసును తిట్టుకున్న ఒకసారి.

మనుమరాలు ఇదే సంగతిని నాలుగు అంకెలు లెక్కవెట్టి తీసుకో, ఆరు అంకెలు లెక్కవెట్టి విడువు అని చెప్పింది. ఎందుకట అంటే వివరం కూడా చెప్పింది. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె జర ఉరుకుతది, విడిచేటప్పుడు నెమ్మదైతది. విడిచేది పొడుగైనకొద్ది గుండెకు నెమ్మది దొరుకుతది. పెద్దమనిషి ఊరికె కూసున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటడట. ఈ లెక్కన చేస్తే 6 సార్లకు దిగుతది. 2001ల ఇటలీ డాక్టర్లు కొలిచి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల రాసిన్రట. జపమాల తిప్పుకుంట మేరీమాత ప్రార్థన లాటిన్‌ల చదివినా, 'ఓం మణి పద్మే హుం' అని మంత్రం చదివినా, ఊపిరి దానంతట అదే నిమిషానికి 6 దగ్గరికి వచ్చిందట. విని, మరి మా నానమ్మ సంగతి అన్న. పొద్దుందాక శివశివ అని సాగదీస్తుండె. కట్టెల పొయ్యి కాడ ఊదుగొట్టం పెట్టి, ఉఫ్‌ఫ్‌ఫ్ అని ఎంత పొడుగు ఊదుతుండెనో! గట్టిగ ఊదితే బూడిద లేస్తది, చిన్నగ పొడుగ్గ ఊదితే నిప్పు అంటుకుంటది. 'తాతా, ఆ పొగకు నానమ్మలందరికి దగ్గు ఉంటుండె కద' అన్నది మనుమరాలు. పెద్దలు మాట్లాడేటప్పుడు నడుమల రాకూడదన్న ముచ్చట కూడా ఈ కాలంల పోయింది.

మనుమరాలు మైండ్‌ఫుల్‌నెస్ అని పిలిచే ఈ ధ్యానాన్ని 1979ల అమెరికాల, మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్‌ల జాన్ కబట్-జిన్ అనే ఆయన దవఖాన రోగుల కోసం కోర్సుగ మొదలువెట్టిండట. ఆయన నేర్చుకున్నది బౌద్ధుల దగ్గర. అంటే బుద్ధుడి ముచ్చట అమెరికా పోయి, ఇంగ్లీషు నేర్చి, సూటేసుకొని గచ్చిబౌలికొచ్చింది. మా సంగారెడ్డి పక్కన కొండాపూర్ ఉన్నది. శాతవాహనుల నాటి మట్టిదిబ్బ, తవ్వితే బౌద్ధుల కట్టడాల ఆనవాళ్లు, నాణేలు, పూసలు బయటపడ్డయి. మ్యూజియం కూడా పెట్టిన్రు. మా మనుమరాలికి కొండాపూర్ అంటే ఐటీ కంపెనీల కొండాపూరే. రెండువేల ఏండ్ల కింద ఈ మట్టి మీద కండ్లు మూసుకొని కూసున్నోళ్లున్నరు బిడ్డా, చాపకు కూడా పైసలియ్యకుండ అని చెప్పిన. 'ఎప్పుడన్న తీసుకపోయినవా నన్ను?' అన్నది. వేడి ఎక్కువుండె, ట్రాఫిక్ ఎక్కువుండె, ఇస్నాపూర్ చౌరస్తా కాడ ఏదో ఒకటి అడ్డముండె.

నోముల సంగతి పెద్దగ చెప్ప. నోమున్న ఇండ్లకు తెలుసు, లేనోళ్లకు ఎంత చెప్పినా తెల్వదు. కేదారేశ్వరునికి 21 పోగుల తోరం, పొద్దుందాక ఉపాసం, సాయంత్రం కథ. కథ చదివే అయ్యగారికి తొందర లేదు, వినేటోళ్లకు ఆకలి. ఉపాసముండి కథ ఇనుకుంట బూరెల దిక్కు చూడకుండ ఉండుడుకు మించిన మనోనిగ్రహం ఏ యాప్‌ల ఉన్నదో చూపియ్యిన్రి.

ఇగ నేను కొలువు చేసిన పటాన్‌చెరు ముచ్చట చెప్పకుంటే నేను చెప్పిందంతా సగమే. 60లల రామచంద్రాపురంల బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972ల పటాన్‌చెరుల ఇక్రిశాట్ వచ్చింది. ఆ తర్వాత ఒకటెనక ఒకటి, పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, ఖాజీపల్లి, అంతటా షెడ్లు లేచినయి. నేను ఒక మందుల కంపెనీల చేరిన. పేరెందుకు, జీతమిచ్చింది, బిడ్డ పెండ్లి చేసింది. రియాక్టర్ మూత తెరిచి బస్తాల పౌడర్ లోపలికి ఒంపేటప్పుడు ఊపిరి బిగబట్టాలె. ముక్కుకు దస్తీ కట్టుకున్నా సరే, బిగబట్టాలె. ఒంపాలె, మూత వెయ్యాలె, పది అడుగులు బయటికొచ్చి అప్పుడు విడవాలె. మాస్కులు వచ్చినయి తర్వాత, అవి పెట్టుకుంటే చెమట అని మేమే మెడకు వేలాడేసుకునేది. మొన్న కాలనీ క్లాసుల యోగా సారు ఊపిరి బిగబట్టుడును కుంభకం అంటరని చెప్తుంటే నేను పక్కాయనతోని మెల్లగ అన్న, మేం దీన్ని మూడు షిఫ్టులల్ల చేసినం అని. ఆయన కూడా రిటైర్డే, వేరే కంపెనీ. ఇద్దరం నవ్వినం. సారు కండ్లు మూసుకోమన్నడు.

దీర్ఘంగ తీసుకో అని చెప్పేటోళ్లకు మా ఫ్యాక్టరీల బెల్టుల రాత్రి పన్నెండింటి గాలి తెల్వదు. చలికాలం మొదలైతుంటే గాలి కదలదు, పొగ మీదికి పోదు, కిందనే పరుచుకుంటది. కిటికీలు మూసుకొని పడుకునేది. మా దిక్కు పారే నక్కవాగు రంగు మారింది, పంటలు పోయినయి, ఆ కాలుష్యం కేసు 1990ల సుప్రీంకోర్టు దాక పోయింది. ఫ్యాక్టరీల మురికినీళ్లను ఒక్క జాగల శుద్ధి చేసేటందుకు ప్లాంట్ పెట్టిన్రు. 2007ల స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ ప్లాంట్ బయటికిడిచే నీళ్లు పరీక్ష చేస్తే సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక తేలిందట. మందు తిన్న మనిషి రక్తంల కూడా అంత ఉండదట. మా ఊర్ల నీళ్లు తాగితే డాక్టర్ అవసరం లేదని అప్పట్ల పరాచికాలాడేటోళ్లం. డాక్టర్లకు నవ్వు రాలే. అది కూడా మా రోజులే, మా రోజులల్ల అన్నీ బాగుండెనని నేనన్నప్పుడు నక్కవాగును పక్కకు పెట్టి అంటున్నట్టు లెక్క.

పండుగ పూట నైట్ షిఫ్ట్ పడ్డోనికి తెలుస్తది దీపావళి. బాయిలర్‌కు పండుగ తెల్వదు, దాన్ని ఆర్పొద్దు. ప్లాంట్ మెట్లెక్కి నిలబడితే దూరంగ పటాన్‌చెరు, రామచంద్రాపురం, ఆకాశంల తారాజువ్వలు. కింద క్యాంటీన్ ముందట ఒక్క దీపంత. మా ఫోర్‌మన్ అగ్గి నిషేధం అని దాన్ని కూడా గేటు బయటికి పంపేది. అయితే మా ఊపిరి సంగతి చెప్పాలంటే, అన్నిటికన్న పొడుగు ఊపిరి మేం విడిచేది నోటీసు బోర్డు ముందట. దసరా, దీపావళి నడుమల బోనస్ కాయితం అంటిస్తుండిరి. అప్పటి 1965 చట్టం ప్రకారం 8.33 శాతం ఇచ్చుడు తప్పకపోయేది, 20 దాక ఇయ్యొచ్చని ఉండె. యూనియనోళ్లు 20 అని మొదలువెడ్తరు, మేనేజ్‌మెంట్ 8.33 కాడ కూసుంటది, నెల రోజులు మాకందరికి ఊపిరి గొంతులనే. ఆఖరికి నడుమల ఏదో ఒక అంకె తేలి కాయితం పడ్డనాడు వందల మంది ఒక్కసారి విడిచే ఊపిరి ఉన్నదే, దాన్ని ఏ యోగా గురువూ నేర్పలేడు. దానికి తోడు ఇంటికో సోన్‌పాపిడి డబ్బా. అది ఎవ్వరు తినరు. చుట్టాలకు ఇస్తరు, వాళ్లు వేరే చుట్టాలకు ఇస్తరు. మా డబ్బా ఒకటి నాలుగిండ్లు తిరిగి మళ్లీ మా ఇంటికే వచ్చింది, మూత మీద మా ఇంటామె గోరింట మరకతోని.

పటాకుల మీద ఇప్పటోళ్లు మాకు ఉపన్యాసాలు ఇస్తరు. 2018 అక్టోబర్ 23న సుప్రీంకోర్టు రాత్రి 8 నుంచి 10 దాకనే కాల్చాలని, గ్రీన్ పటాకులే కాల్చాలని చెప్పింది. గ్రీన్ పటాకులంటే ఆకుపచ్చ కాయితం చుట్టినయనుకొని మా దోస్తు ఒకడు ఏరేరి కొనుక్కొచ్చిండు. నాకు చిన్నప్పుడు పాముబిళ్ల అంటే పానం. బాంబంటే భయం, కాకరపువ్వొత్తి అంటే ఆడపిల్లలదని చిన్నతనం. పాముబిళ్లకు అగ్గి పెడితే నల్లగ మెలికలు తిరుక్కుంట లేస్తది కద, దాన్ని దగ్గరకెల్లి, ముక్కు పెట్టినంత దగ్గరకెల్లి చూసేటోన్ని. చప్పుడు లేదు, లొల్లి లేదు, సాధువసొంటి పటాక అనుకున్న. పుణెల ఊపిరితిత్తుల మీద పని చేసే సంస్థ ఒకటి పటాకులన్నిటి పొగ కొలిచి చూస్తే సన్నధూళిల అన్నిటికన్న ముందున్నది ఈ పాముబిళ్లేనట. మా మనుమరాలు ఈ ముచ్చట నవ్వుకుంట చదివి వినిపిచ్చింది. నేను చార్మినార్ సిగరెట్ ఎన్నేండ్లు తాగిన్నో కూడా అప్పుడే అడిగింది. టీవీ సౌండ్ పెంచిన.

2025 జూన్ 30న పాశమైలారంల ఒక ఫ్యాక్టరీల పేలుడయ్యింది. నలభైమందికి పైన పోయిన్రు. చాలామంది బీహార్, యూపీ, ఒడిశా, జార్ఖండ్ దిక్కు నుంచి వచ్చినోళ్లే. ఆ ఏడు దీపావళి అక్టోబర్ 20న వచ్చింది. పిల్లలు బాంబులు వద్దన్నరు. నేను ఏమనలే, ఎప్పటికి అనే మాట ఆ ఏడు అనబుద్ధి కాలే. ఇస్నాపూర్ దిక్కు కిరాయి రూముల ముందట ఆ రాష్ట్రాల పోరగాళ్లు దీపాలు పెడ్తరు, ఆరో రోజుకు ఛట్ పూజ కోసం చెరువు గట్టుకు పోతరు. ఎవరి పండుగ వాళ్లది.

క్లాసుకు పోయినవా అని అడుగుతున్నరా? పోయిన. చాప మర్చిపోయి దుప్పటి తీసుకపోయిన. సారు పిల్లగాడు, గడ్డం సక్కగ కత్తిరిచ్చుకున్నడు, అందరిని 'అండి' అంటడు. తేలికదే చెప్పిండు, ఒప్పుకోవాలె. నడుము నిటారుగ, ముక్కుతోని తీసుకో, అంతకన్న మెల్లగ విడువు, లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి. బీపీ, గుండె జబ్బు ఉన్నోళ్లు, కడుపుతోని ఉన్నోళ్లు ఊపిరి బిగబట్టొద్దు. తల తిరిగితే ఆపి మామూలుగ తీసుకోవాలె. ఉబ్బసమున్నోళ్లు పంపు దగ్గర పెట్టుకోవాలె. పటాకుల పొగల ఇదంతా చెయ్యొద్దు, దీపాలు పెట్టే ముందు సాయంత్రమే చేసుకోవాలె. చెవులు మూసుకొని తుమ్మెద లెక్క మ్‌మ్‌మ్ అని పొడుగ్గ గొంతు తియ్యమన్నడు, భ్రామరి అంటరట. ముప్పైమంది ముసలోళ్లం ఒక్కసారి తీసినం. వాచ్‌మన్ ఉరికొచ్చిండు, ట్రాన్స్‌ఫార్మర్ ఏమన్న అయితుందా అని. ఆఖరికి పండుకొని కండ్లు మూసుకోమన్నడు. ఎంతసేపయిందో తెల్వదు, పక్కాయన మోచేత్తోని పొడిస్తే లేచిన. నా గురకకు అందరి ధ్యానం భంగమయిందట. సారు మాత్రం, పెద్దాయన పూర్తిగ విశ్రాంతిలోకి పోయిండు, చూసి నేర్చుకోండి అన్నడు. ఈ కాలం పిల్లల్ల కూడా నడుమ నడుమ మర్యాదస్తులు పుడ్తరు.

రెండో రోజు ఎందుకు పోయినవని మా ఇంటామె అడిగింది. దుప్పటి అక్కడ మర్చిపోయిన అన్న. మూడో రోజు అడగలే.

ఇప్పుడు కొత్త లొల్లి. మనుమరాలు నేను దీపం ముందట కూసున్న ముచ్చట, నానమ్మ చెప్పిన ముచ్చట వాళ్ల ఆఫీసుల చెప్పింది. దీపావళికి వాళ్లు ఆన్‌లైన్‌ల ఏదో పెడ్తున్నరట. తాత వచ్చి పత్తితోని వత్తి ఎట్ల చేస్తరో చూపిచ్చి, దీపం మీద ఊపిరి పడకుండ ఎట్ల ముట్టిస్తరో చెప్పాల్నట, అర్ధగంట. నా వత్తులు ఒకదిక్కు లావు, ఒకదిక్కు సన్నం అయితయని చెప్పిన. 'అదే కావాలె తాతా, చేతితోని చేసినట్టు ఉండాలె' అన్నది. సరే, ఫీజెంత అన్న. ఫీజు లేదు, గిఫ్ట్ హ్యాంపర్ పంపుతరు అన్నది. దాంట్ల ఏముంటదన్న. సోన్‌పాపిడి అన్నది. వద్దని చెప్పు బిడ్డా, మన అల్మారల ఇప్పటికే రెండున్నయి, ఇంకా దసరావే.